మైకు దిద్దిన నా ఇంగ్లీషు

పదో తరగతి వరకు సూర్యాపేట దగ్గరి ఊళ్లో తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఇంగ్లీషు చదవడం, రాయడం అంత కష్టం కాలేదు గాని, బీటెక్ ముగిశాక అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ హాజరైన మూడు ఇంటర్వ్యూలలోనూ హెచ్‌ఆర్ రౌండులో మాట పెగలక వెనుదిరిగాను. ఫీజు కట్టి ఒక కోచింగ్ సెంటర్లో చేరితే, బ్యాచిలో యాభై మందికి పైగా ఉండడం వల్ల గంటన్నర తరగతిలో నా వంతుకు వచ్చేది ఒకటి రెండు నిమిషాలే. ఆ లెక్క చూసుకున్నాకే ఫోన్‌ను ఆశ్రయించాను.

కీబోర్డులోని మైకు గుర్తును నొక్కి ఇంగ్లీషులో మాట్లాడితే, నేను అన్నదొకటి, తెరపై పడింది మరొకటి అయిన చోట నా లోపం తెలిసేది. అయితే పూర్తి వాక్యం చెప్పినప్పుడు అది ముందువెనుక మాటలను బట్టి సరైన పదాన్ని ఊహించుకొని నా తప్పును కప్పేస్తోందని వారం తరువాత గ్రహించి, అప్పటినుంచి విడివిడి పదాలే పలికాను. ద్రాక్షతీగకూ ద్రాక్షసారాకూ ఉన్న ఇంగ్లీషు మాటలు రెండింటినీ మనం తెలుగులో 'వైన్' అనే రాస్తాం. నేను ఏది పలికినా తెరపై సారాయే వచ్చేది. మొదటిదానికి పై పళ్లు కింది పెదవిని తాకాలని, రెండోదానికి పళ్ల ప్రమేయం లేకుండా పెదవులు గుండ్రంగా ముడుచుకోవాలని అద్దం ముందు నిలబడి నేర్చుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ గదిలోని మిత్రులు నాకు మందు మీద మనసైందని ఆటపట్టించారు.

తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) ఎం.ఏ. చదివిన ఒక మిత్రుని అక్కగారు, నేను వాట్సాప్‌లో పంపిన రికార్డింగులు విని, మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష అలవాటు వల్ల 'బస్సు', 'కారు' అన్నట్టే 'అండ్'ను 'అండు' అని, 'బట్'ను 'బట్టు' అని అంటున్నానని చెప్పారు. 'ఫోటోగ్రాఫ్'లో మొదటి అక్షరంపై ఉండే ఊనిక 'ఫొటోగ్రఫర్'లో రెండో అక్షరానికి జరుగుతుందని, నేను మాత్రం అన్నింటినీ ఒకే బరువుతో పలుకుతున్నానని వివరించారు. "నువ్వు గ్రామర్ గురించి భయపడుతున్నావు తమ్ముడూ, వినేవాళ్లకు అడ్డుపడుతున్నది అది కాదు" అన్నారు. నా గొంతు నేనే వినడం మొదట్లో చిరాకనిపించినా, ఆ మాట తరువాత ప్రతి రికార్డింగునూ రెండుసార్లు విన్నాను.

మైకు ఎదురు ప్రశ్న వేయదు కనుక, కరీంనగర్‌లో ఉన్న కాలేజీ స్నేహితుడూ నేనూ రోజూ రాత్రి పదింటికి జూమ్‌లో కలిసేవాళ్లం. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే కాల్ ముగియడం మాకు మేలే చేసింది: ఇరవై నిమిషాలు అతను ప్రశ్నలు అడిగేవాడు, ఇరవై నిమిషాలు నేను అడిగేవాణ్ని. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలోని స్పీకింగ్ భాగంలోలాగా ఒక నిమిషం ఆలోచించుకొని రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలని, తెలుగు మాట దొర్లితే పది రూపాయలు ఫోన్‌పే చేయాలని నియమం పెట్టుకున్నాం. మొదటి నెలలో కట్టింది ఎక్కువగా నేనే.

ఐదో నెలలో జరిగిన వీడియో ఇంటర్వ్యూలో నెట్ నెమ్మదించి ప్రశ్న సగమే వినిపించినప్పుడు, మునుపటిలా అర్థమైనట్టు తల ఊపకుండా, మరొకసారి అడగమని ఇంగ్లీషులోనే కోరగలిగాను. ఆ ఉద్యోగం వచ్చింది. హడావుడిగా మాట్లాడితే మాత్రం 'అండు' ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.