కిటికీ ఊచల మధ్య శేషాచలం

శేషాచలం కొండలను ఫొటో తీయాలన్న ఒక్క పని మీద నాలుగు రోజులు సెలవు పెట్టి తిరుపతి వెళ్ళాను. తిరిగి తెచ్చుకున్న నాలుగు వందల పైచిలుకు ఫొటోలలో అచ్చు వేయించుకోదగినవి ఆరు తేలాయి. ఆ ఆరింటిలో ఒక్కటి కూడా నేను ముందుగా అనుకున్న చోట, అనుకున్న వేళకు నిలబడి తీసినది కాదు. అన్నీ తిరుమల నుంచి దిగే ఆర్టీసీ బస్సు కిటికీలోంచి, మధ్యలో ఎక్కడా ఆగదని తెలిసి తిట్టుకుంటూ తీసినవే.

మాది దివిసీమ. మా ఊళ్ళో ఎటు చూసినా వరిచేలు, వాటి అంచున ఒక తాటిచెట్టు, ఆపైన ఆకాశం తప్ప మరొకటి ఉండదు కాబట్టి ఫొటో తీయడానికి పెద్దగా ఆలోచించవలసిన పని లేదు. తాటిచెట్టు ఎంత ఎత్తుంటుందో చూసేవాడికి తెలుసు గనుక, మిగిలినదంతా దాన్ని బట్టి కొలుచుకుంటాడు. కొండ దగ్గర ఆ కొలబద్ద ఉండదని చంద్రగిరిలో మొదటి రోజే తెలిసివచ్చింది. ఆటోవాడు రానూపోనూ ఆరు వందలు అడిగితే, ఆ డబ్బుతో రెండు రోజులు భోజనం చేయవచ్చునని లెక్కేసుకుని బస్సులో వెళ్ళాను. తుపాను వెలిసిన రెండో రోజు కావడంతో గాలిలో దుమ్ము లేదు, రాజమహల్ వెనక ఉన్న బండరాళ్ళ గుట్ట నుంచి దూరాన శేషాచలం దాకా ప్రతి అంచూ కడిగినట్టు స్పష్టంగా ఉంది. కంటికి ఆకాశాన్ని సగం ఆక్రమించిన ఆ గోడ, కెమెరా తెరమీద మాత్రం కింద పొలానికీ పైన మబ్బుకీ మధ్య గీసిన సన్నని గీతలా మిగిలింది.

తప్పు కొండది కాదు. నా దగ్గర ఉన్నది చొక్కా జేబులో పట్టే పావు కిలో కెమెరా. వెలుగును పట్టి ఫొటోగా మార్చే దాని సెన్సర్‌ను ఒక అంగుళం సెన్సర్ అంటారు గానీ, కొలిస్తే 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. ఆ అంగుళం లెక్క పాతకాలపు టీవీ కెమెరా గొట్టాల వ్యాసం నుంచి వచ్చిన వాడుక తప్ప, ఇందులో అంగుళమన్నది ఎక్కడా లేదు. లెన్సు వెడల్పు కోణం పాత 35 ఎంఎం ఫిల్ము కెమెరా లెక్కలో 28 మిల్లీమీటర్లు, ఆ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ మేర ఫొటోలో పడుతుంది. కొత్తగా కొన్నవాళ్ళందరిలాగే నేనూ, పెద్ద కొండకు పెద్ద కోణం కావాలనుకున్నాను. వెడల్పు కోణం దగ్గరిదాన్ని పెంచి దూరపుదాన్ని నలుసు చేస్తుంది, అందువల్ల ఫొటోలో నా కాళ్ళ దగ్గరి బండ ఏనుగంత, ఏడుకొండలు చీమలబారంత వచ్చాయి. చివరికి జూమ్‌ను 100 మిల్లీమీటర్ల దాకా లాగి, కెమెరాను నిలువుగా పట్టుకుని, ఒకదాని అంచు మీద మరొకటి పడేట్టు అయిదు ఫొటోలు తీసి అతికించుకుంటే కొంత కొండతనం వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ తెరమీద ఏమీ కనిపించకపోవడం మరో బాధ. కళ్ళు పెట్టి చూసే వ్యూఫైండర్ దీనికి లేదు. తలమీద తువ్వాలు కప్పుకుని, పాతకాలపు స్టూడియో ఫొటోగ్రాఫరులా చూస్తూ ఉంటే బడి నుంచి వస్తున్న పిల్లలు నిలబడి నవ్వారు.

రెండో రోజు అలిపిరి మెట్లెక్కాను. 3,550 మెట్లని అందరూ చెప్పేదే, ఎక్కినవాళ్ళకు దాని గురించి కొత్తగా చెప్పవలసినది లేదు, ఎక్కనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. కొండ ఎక్కితే కొండ కనిపించదన్న చిన్న సంగతి మాత్రం గాలిగోపురం దాటాక తలకెక్కింది. ఎటు చూసినా చెట్లు, రేకుల కప్పు, ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వంగి వంగి ఎక్కుతున్న ఆడవాళ్ళు. పైకి చేరాక శిలాతోరణం దగ్గరికి వెళితే, ఆ సహజమైన రాతి ద్వారానికి కంచె ఉంది, కంచె ముందు జనం ఉన్నారు, జనం చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న తోరణం ఎవరి మోచేతి కిందో ఇరుక్కుని వచ్చింది. ఒక గుక్కెడు టీకి ఇరవై రూపాయలిచ్చి, కెమెరాను కౌంటరులో వదిలి వెళ్ళడానికి మనసొప్పక, దర్శనానికి పోకుండానే ఆ రాత్రి కొండమీదే ఉండి, పొద్దున్నే బస్టాండుకు వచ్చాను.

ఎక్కడానికీ దిగడానికీ వేరువేరు దారులున్న సంగతి తెలిసిందే. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. దిగే దారిలోనే లోయ బాగా కనిపిస్తుంది, దిగే దారిలోనే ఆగనివ్వరు. సొంత కారైనా 40 నిమిషాల కన్నా ముందు అలిపిరి చేరితే జరిమానా వేస్తారు కాబట్టి, కారున్నవాళ్ళు నెమ్మదిగానైనా వస్తారు. మా డ్రైవరు మాత్రం మలుపు మలుపుకూ బస్సును ఒంటిచేత్తో తిప్పుతూ, కొండను ఇంట్లో గోడలా చూస్తున్నాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఏ పక్క కూర్చున్నా ఒక్కటే, మెలిక తిరిగినప్పుడల్లా లోయ ఎడమకూ కుడికీ మారిపోతుంది, మనకు సగం కొండే దక్కుతుంది.

కిటికీకి అడ్డంగా రెండు ఇనుప ఊచలున్నాయి. ఇక్కడ మొదటిసారిగా నా కెమెరా నాకు అక్కరకు వచ్చింది. పెద్ద కెమెరా లెన్సు ఆ ఊచల సందులో పట్టదు, వెనక నుంచి తీస్తే ఊచలు మసక చారలుగా అడ్డం పడతాయి. నా బుల్లి లెన్సు ఆ సందులో సరిగ్గా ఇమిడిపోయింది. కండక్టరు ఒకసారి చూసి, "చెయ్యి బయట పెట్టొద్దు సార్" అని మాత్రం అన్నాడు. అద్దం పూర్తిగా వెనక్కి తోసి, మోచేతులు పక్కటెముకలకు అదిమి, ఊచకు కెమెరాను ఆనించకుండా పట్టుకున్నాను. ఆనిస్తే ఇంజను వణుకంతా ఫొటోలోకి వస్తుంది. షట్టరు తెరుచుకునేది సెకనులో వెయ్యో వంతు, లెన్సు రంధ్రం కొలత అయిన ఎపర్చరు 4 (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), వెలుగుకు స్పందించే కొలత ఐఎస్‌ఓ 400. ఇంత చిన్న సెన్సరుకు ఎపర్చరు 8కో 11కో మూస్తే పదును పెరగకపోగా తగ్గుతుందని గత ఏడాది ఫొటోలు పోగొట్టుకున్నాకే నేర్చుకున్నాను.

డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఒదిగి ఉంటాడు గనుక, తిరుపతి వైపు తిరిగిన కొండచరియల మీద పొద్దుటి ఎండ ఏటవాలుగా గీరుతూ పడుతుంది. ఒక మలుపు దగ్గర చెట్లు తొలగిపోయి చరియ మొత్తం ఒక్కసారిగా కనిపించింది. కింద ముతక గ్రానైటు, దాని మీద గోడ కట్టినట్టు పొరలు పొరలుగా ఎర్రటి నగరి క్వార్ట్‌జైట్ అనే గట్టిపడిన ఇసుకరాయి. ఈ రెంటి నడుమ కోట్ల సంవత్సరాల కాలం ఏ గుర్తూ మిగల్చకుండా జారిపోయిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు, అందుకే ఈ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. ఆ రెండు రాళ్ళూ కలిసే గీతే నేను వెతుక్కుంటూ వచ్చినది. మూడు క్లిక్కుల్లో అయిపోయింది.

నా పక్కన కూర్చున్న పెద్దామె అంతసేపూ నన్ను గమనిస్తూనే ఉంది. గుండు మీద ఇంకా గంధం తడి ఆరలేదు. చిత్తూరు పక్కన పల్లె అని తర్వాత చెప్పింది.

"ఏమి నైనా, దర్శనం బాగా అయిందా?" అని అడిగింది.

"వెళ్ళలేదమ్మా, ఫొటోల కోసం వచ్చాను" అన్నాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. కొండదాకా వచ్చి స్వామిని చూడకుండా దిగిపోయేవాణ్ణి ఆమె ఇదివరకు చూసి ఉండదు. తర్వాత ఉన్నట్టుండి నా భుజం తట్టి, "ఆడ చూడు ఆడ, గరుత్మంతుడు! ముక్కు, రెక్కలు, అచ్చంగా గెద్ద మాదిరి ఉండాడు. బిన్నా తియ్యి" అంది. ముందు సీట్లోవాళ్ళు లేచి చేతులు జోడించారు. నేను ఆమె వేలు చూపిన వైపు కెమెరా తిప్పి, ఏది ముక్కో ఏది రెక్కో తెలియకుండానే నొక్కాను, అంతలో బస్సు తిరిగిపోయింది. తెరమీద చూపిస్తే ఆమె కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "ఇదిగో, బాగా పడినాడు" అని మెచ్చుకుంది. నాకు రాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ మాట ఆమెతో అనలేదు.

అలిపిరిలో దిగాక ఆ ఫొటో తన కొడుకు ఫోనుకు పంపమని అడిగింది. కొడుకు నంబరు చీటీ మీద రాసి కొంగున కట్టుకుని ఉంది. పంపాను. అవతల నుంచి వెంటనే చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది.

నాలుగో రోజు కపిలతీర్థం, సాయంత్రం రైలు అనుకున్నవాణ్ణి, పొద్దున్నే మళ్ళీ పైకి పోయే బస్సెక్కాను, పైన దిగిన పావుగంటకే కిందికి వచ్చే బస్సు పట్టుకున్నాను. ఒక్క మలుపు కోసం రెండు వైపులా చార్జీ దండగ. ఆ మలుపు వచ్చేసరికి కొండ నిండా మబ్బు దిగి ఉంది, చరియా లేదు, గెద్దా లేదు. ఊచల మధ్య నుంచి తెల్లటి ఫొటోలు రెండు తీసి కెమెరా జేబులో వేసుకున్నాను. టికెట్లు లెక్కపెడుతున్న కండక్టరు తలెత్తి చూశాడు, నిన్నటివాడే.

"ఈసారైనా దర్శనం అయిందా సార్?"