కూడారై ఇరవై ఏడో రోజునే వస్తుంది

గోదాదేవి పాడిన తిరుప్పావైలో ముప్ఫై పాశురాలు, ధనుర్మాసంలో రోజుకొకటి. రెండో పాశురంలో గోపకన్యలు నోము నియమాలు చెప్పుకుంటారు. నెయ్యి తినం, పాలు తాగం, కళ్ళకి కాటుక పెట్టం, తలలో పూలు ముడవం. ఇరవై ఏడో పాశురానికి వచ్చేసరికి మానేసినవన్నీ తిరిగొస్తాయి. చేతులకి కడియాలు, భుజాలకి దండకడియాలు, చెవులకి దుద్దులు, కాళ్ళకి అందెలు, కట్టుకోడానికి మంచి చీరలు. ఆ తరవాత పాలతో వండిన అన్నం, అది కనబడకుండా పోసిన నెయ్యి. తింటుంటే ఆ నెయ్యి మోచేతిదాకా కారాలి! ఇంత చెప్పి, చివర్లో గోదాదేవి అసలు సంగతి చెబుతుంది: "కూడి యిరుందు కుళిర్‌ందు". అందరం కలిసి కూర్చుని, కడుపూ మనసూ చల్లబడేలా తినాలని.

దీన్నే మనం కూడారై అంటాం. ధనుర్మాసంలో ఇరవై ఏడో రోజు, ఎక్కువగా జనవరి 11న వస్తుంది. ఆ రోజు గుళ్ళో గంగాళాలతో పాయసం నివేదన చేస్తారు.

మా కోనసీమలో ధనుర్మాసం అంటే తెల్లవారుజామున గుడి మైకే. కాలవ మీద మంచు విడవకముందే పాశురం మొదలవుతుంది. ఈ ఏడు చాలా పాశురాలు మంచం మీద నుంచే విన్నాను. నాకు లింఫోమా, శోషరస గ్రంథులకి వచ్చే క్యాన్సర్. మెడ పక్కన గడ్డ కనిపిస్తే పరీక్షలు చేసి చెప్పారు. మూడు వారాలకోసారి కీమో. చీకటితో బయల్దేరి కొత్తపేట, రావులపాలెం మీదుగా జొన్నాడ దగ్గర గౌతమి గోదావరి దాటి రాజమండ్రి వెళ్తాం, చీకటి పడ్డాక ఇల్లు చేరతాం.

ఆ మందులు తొందరగా పెరిగే కణాల మీద పనిచేస్తాయి. క్యాన్సర్ కణాలతో పాటు జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, ఎముక మజ్జ కూడా దెబ్బతింటాయి. అందుకే జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. తెల్లకణాలు బాగా తగ్గేది సుమారు రెండో వారంలో. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు తాకితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి రావలసిందేనని గట్టిగా చెప్పారు. ఆ వారమంతా ఇంట్లో ఎవరు తుమ్మినా టెన్షనే. మా మనవడు గది గుమ్మం దగ్గరే ఆగిపోయి, "అమ్మమ్మా, ఇవాళ లోపలికి రావచ్చా?" అని అడుగుతాడు. నోటికి ఏం పెట్టుకున్నా ఇనుము చప్పరిస్తున్నట్టే ఉంటుంది. నెయ్యి వాసనకే కడుపులో తిప్పుతుంది. పాలు సహించవు. తలలో పూలు పెట్టుకోడానికి జుట్టు లేదు, చేతికి సూది గుచ్చిన చోట నొప్పి, గాజులు తీసేశాను.

రెండో పాశురం మైకులో వస్తున్నప్పుడు ఈ నియమాలన్నీ నాకు ఇప్పటికే జరుగుతున్నాయని అనిపించింది. అలాగని జబ్బుని నోము అనను. నోము కోరి పడతారు, దీన్ని ఎవరూ కోరుకోరు. దేవుడు పెట్టిన పరీక్ష అన్నా, పూర్వజన్మ పాపం అన్నా నాకు రుచించదు. పలకరించడానికి వచ్చి అలాంటి మాటలు అనేవాళ్ళకి ఒకటే విన్నపం, మంచం మీద ఉన్న మనిషి ముందు అనకండి. నేను చెప్పదలుచుకున్నది పాశురాల వరస గురించి.

ఈ ఏడు కూడారై నాకు మూడో వారంలో పడింది. తెల్లకణాలు మళ్ళీ కోలుకునే వారం అది. పొద్దున్నే వంటింట్లోంచి నెయ్యి కాగుతున్న వాసన వచ్చింది. కడుపులో తిప్పలేదు. ఆకలి వేసింది! లేచి వెళ్తే పొయ్యి మీద వెన్న నురగ తగ్గి, అడుగున సన్నగా ఎర్రబడుతోంది. వదిన నన్ను చూసి గుప్పెడు మునగాకు అందులో వేసింది. అది చిటపటలాడి ఊరుకున్నాక దింపేసింది. "నువ్వు కూర్చో అమ్మాయ్, పాయసం సంగతి నేను చూస్తాను" అంది. సార్వా కోతలయ్యాక వచ్చిన కొత్తబియ్యం, ఇంత పెసరపప్పు, పాలలోనే ఉడకాలి. కొత్తబియ్యం అన్నానికి ముద్దయిపోతాయని విసుక్కుంటాం గానీ పాయసానికి అవే బాగుంటాయి. బెల్లం కరిగించి వడగట్టి, అన్నం కాస్త చల్లారాక కలిపింది, పాలు విరగకుండా. యాలకులు, చిటికెడు పచ్చకర్పూరం.

మాత్రలు వేసుకోవాలి కాబట్టి నేను ముందే రెండు ఇడ్లీలు తిన్నాను. ఉపవాసాల పట్టింపు ఈ ఏడాదికి స్వామికే వదిలేశాను.

కడియం ఊరి నుంచి పూలు తెప్పించారు, పసుప్పచ్చ చామంతులు. మాల నేనే కడతానన్నాను. ఎక్కించే మందుల్లో విన్‌క్రిస్టిన్ అని ఒకటుంది, దానివల్ల నాకు వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. దారం వేలికి చుట్టుకుందో లేదో వేలికి తెలియదు, కళ్ళతో చూసుకోవాలి. ముడి వేసి లాగితే పువ్వు జారిపోయేది. మళ్ళీ వేసేదాన్ని. ఒకప్పుడు కబుర్లు చెబుతూ మూరలకి మూరలు కట్టిన చేతులు. ఆ పూట మూరెడు కూడా రాలేదు గానీ, మాల అయింది.

ఆ విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చినదే. మన పెరట్లో అడక్కుండానే మొలిచి, రోజూ పూజకి పూలిచ్చే బిళ్ళగన్నేరు. అది తెలిసిన రోజు పెరట్లోకి వెళ్ళి ఆ మొక్కకి దణ్ణం పెట్టుకున్నాను. (ఆ ఆకు నమిలితే క్యాన్సర్ తగ్గుతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. ఆ మొక్క విషం. దాన్నుంచి మందు తీసి, కొలిచి ఎక్కించడం వేరు.)

గోదాదేవి తను ముడిచి చూసుకున్న మాలనే స్వామికి పంపేది కదా. నేను కట్టిన చిన్న మాలని పటానికి వేసే ముందు ఒక్కసారి నా మెడకి ఆనించుకున్నాను. గడ్డ ఉన్న చోటే. అది ఇప్పుడు చేతికి దొరకడం లేదు.

గుడికి జనం పలచబడ్డాక మాస్కు పెట్టుకుని వెళ్ళొచ్చాం. తరవాత అందరం వసారాలో ఒకే వరసలో కూర్చున్నాం. మా వారు, వదిన, అమ్మాయి, మనవడు నా పక్కనే, మోకాలు తగిలేంత దగ్గరగా. వదిన నా విస్తట్లో పాయసం వేసి, వేడి నెయ్యి పోసింది. తీపి తీపిగానే తెలిసింది. ముద్ద ఎత్తితే నెయ్యి మణికట్టు దాటింది. మనవడు వంగి చూసి, "మోచెయ్యిదాకా రాలేదమ్మమ్మా, ఇంకొంచెం పోయించుకో" అన్నాడు. పోయించుకున్నాను. దాళ్వా నాట్లకి కూలీలు దొరకడం లేదనీ, కోడిపందేలకి ఎవరెవరు దిగుతున్నారనీ మాట్లాడుకున్నారు. నా జబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఊసే తోచలేదు వాళ్ళకి, నాకూ తోచలేదు.

మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు ఒక విషయం తట్టింది. నోము ముప్ఫై రోజులది. నెయ్యి, పాయసం, నగలు ముప్ఫయ్యో రోజున రావాలి కదా, అంతా అయ్యాక. గోదాదేవి అలా పెట్టలేదు. ఇరవై ఏడో రోజునే పెట్టింది. ఇంకా మూడు పాశురాలున్నాయి, అడగవలసిన అసలు మాట ఇంకా అడగనే లేదు, అయినా విస్తరి వేసేసింది. నాకు వైద్యం పూర్తి కాలేదు. పూర్తయ్యాక స్కాన్ ఏం చెబుతుందో తెలియదు. "నయమయ్యాక అందరం కలిసి భోజనం చేద్దాం" అని ఇన్నాళ్ళూ అందరం అనుకుంటూనే ఉన్నాం. గోదాదేవి లెక్కలో అంతవరకూ ఆగక్కర్లేదు. నోము మధ్యలోనే కూర్చుని తినొచ్చు, నోము చెడదు.

తిన్న వెంటనే వచ్చే ఇరవై ఎనిమిదో పాశురంలో వాళ్ళు తమని గురించి గొప్పలేమీ చెప్పుకోరు. ఆవుల వెంట అడవిలో తిరిగి తినేవాళ్ళం, మాకేమీ తెలియదు, ఏ లోటూ లేని గోవిందా, నీకూ మాకూ ఉన్న చుట్టరికం మాత్రం తెంచుకుందామన్నా తెగదు అంటారు. మర్నాడు తెల్లవారుజామున అది మైకులో వచ్చేసరికి నేను మెలకువగానే ఉన్నాను. మంచం మీద లేచి కూర్చుని, ఆ చుట్టరికం మాట దగ్గర నేనూ గొంతు కలిపాను. నయం చేయమని రోజూ అడుగుతాను, ఆ పూటా అడిగాను. దాని కంటే ముందు ఇది చెప్పుకున్నాను.

రక్తపరీక్ష కనుమ మర్నాడు. కణాలు సరిపోతే మళ్ళీ గౌతమి దాటి వెళ్ళడం, సరిపోకపోతే కొన్నాళ్ళు ఆగమంటారు. తరవాత రెండు వారాలూ ఎలా ఉంటాయో తెలిసిందే. అవి దాటాక వచ్చే మూడో వారానికి ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేయమని వదినకి ఇప్పుడే చెప్పి ఉంచాను. అత్తవారింటి నుంచి చెల్లెలు కూడా వస్తానంది.