1844 చెప్పి 1978 దాటేసిన నాన్న

"లోపల ఎవరికో శిక్ష పడుతూ ఉండవచ్చు, బయట నేను నవ్వుతూ ఫోటో దిగను నాన్నా" అని మా అమ్మాయి డార్లింగ్‌హర్స్ట్ కోర్టు ముందు తేల్చి చెప్పింది. ఉగాది కార్యక్రమం నుంచి వస్తూ, లంగా ఓణీలో ఉన్న పిల్లను ఆ ఎత్తయిన స్తంభాల ముందు నిలబెట్టి, ఆ ఫోటోను వరంగల్‌లో ఉన్న మా అమ్మకు పంపాలని నేను ముచ్చటపడ్డాను. జన్మలో కోర్టు మెట్లు ఎక్కకూడదని నన్ను పెంచిన మనిషికి మనవరాలిని ఆ మెట్ల మీదే చూపించాలనుకోవడం ఎంత విడ్డూరమో నాకు తట్టనే లేదు.

సిడ్నీ టేలర్ స్క్వేర్‌లో ఉన్న ఈ ఇసుకరాతి భవనాన్ని మోర్టిమర్ లూయిస్ గ్రీకు ఆలయాల పోలికలో రూపొందించగా, ప్రధాన భాగం 1844 నాటికి పూర్తయింది. దాని వెనుక 1841లో తెరిచిన జైలు 1914లో మూతపడింది, ఆ గోడల మధ్యనే ఇప్పుడు నేషనల్ ఆర్ట్ స్కూల్ నడుస్తోంది. మన రామప్ప గుడి కూడా ఇసుకరాతిదేనని, 1213 నాటి ఆ గుడి ముందు ఈ కోర్టు నిన్నగాక మొన్నటిదని నేను గొప్పలు పోతుంటే, జైలు ప్రహరీ కట్టింది సంకెళ్లతో ఇక్కడికి తెచ్చిన ఖైదీలేనని, జిమ్మీ గవర్నర్ అనే ఆదిమవాసీ యువకుణ్ణి 1901 జనవరిలో ఆ గోడల లోపలే ఉరితీశారని తనే నాకు చెప్పింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కోర్టు పక్కనే పాత పోలీసు స్టేషన్ ఉంది. 1978 జూన్ 24 రాత్రి టేలర్ స్క్వేర్ నుంచి బయలుదేరిన, స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం తీసిన తొలి మార్డి గ్రా ఊరేగింపులో పోలీసులు 53 మందిని అరెస్టు చేసి ఆ స్టేషన్‌కే తెచ్చారు. స్వలింగ ప్రేమికుల, ట్రాన్స్‌జెండర్ల చరిత్రను చెప్పే మ్యూజియం 2024 నుంచి ఆ భవనంలోనే ఉంది. ఇవన్నీ తెలిసి కూడా నేను పార్కింగ్ గడువు గురించి మాట్లాడుతూ అడుగుల వేగం పెంచాను. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో, రాత్రిపూట ఆ వైపు వెళ్లవద్దని మనవాళ్లు హెచ్చరించేవారు. ఇప్పుడు అక్కడ ఒక పడకగది ఇల్లు కొనే స్తోమత కూడా నాకు లేదు. పేట మారింది గానీ నా నడక మారలేదు.

పిల్లలకు తామున్న చోటి చరిత్ర కూడా చెప్పాలని తెలుగు బడి దగ్గర తోటి తల్లిదండ్రులకు హితబోధ చేసేది నేనే. ఏ చరిత్ర చెప్పాలో ఎంచుకునే హక్కు పెద్దవాళ్లదేనని లోలోపల అనుకుంటూ వచ్చాను కాబోలు. కారెక్కాక తను అడిగిన ప్రశ్న ఇంకా నలుగుతూనే ఉంది: "రామప్ప గురించి చెప్పేటప్పుడు కూడా నీకు నచ్చనివి వదిలేస్తావా?"

లేదని చెప్పాను. కాకతీయుల గురించి నాకు తెలిసినదంతా మా నాన్న చెప్పినదే. ఆయన ఏమేం వదిలేశారో నాకెలా తెలుస్తుంది? వచ్చే సెలవుల్లో ఆ మ్యూజియానికి తనతోపాటు నన్నూ రమ్మంటోంది. వస్తానని నేనింకా అనలేదు.