గాలపు కర్ర పిడికి ఫోమ్ ఎంచుకోవడం: నా అనుభవం

కొర్రమీను పట్టేవాళ్లకు చెప్పనక్కర్లేదు. తామరాకుల మీదికి రబ్బరు కప్ప ఎరను విసరడం, లాగడం, మళ్లీ విసరడం, పూటంతా ఇదే పని. కర్ర కాస్త బరువైనా సాయంత్రానికి మణికట్టు లబోదిబోమంటుంది. అందుకే ఏడడుగుల కార్బన్ కర్రకు పిడి నేనే చేసుకుందామని కూర్చున్నాను. లోపల ఫోమ్, పైన ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) తడిపిన కార్బన్ ఫైబర్ తొడుగు.

లెక్క ఊరించేలా ఉంది. 25 మిల్లీమీటర్ల మందం, 20 సెంటీమీటర్ల పొడవు ఉన్న పిడిలో 12 మిల్లీమీటర్ల రంధ్రం పోగా మిగిలేది సుమారు 75 ఘన సెంటీమీటర్లు. కార్కుతో చేస్తే దాదాపు 15 గ్రాములు. ఘనమీటరుకు 35 కిలోలు తూగే ఎక్స్‌పీఎస్ (పలకలుగా దొరికే గట్టి పాలీస్టైరీన్) ఫోమ్ అయితే మూడు గ్రాములు కూడా ఉండదు.

ప్యాకింగ్ థర్మాకోల్ పనికిరాదు, చెక్కుతుంటే పూసలుగా రాలిపోతుంది. శీతల గిడ్డంగుల గోడల్లో వాడే పఫ్ (పాలీయూరిథేన్ ఫోమ్) మాత్రం నాకు నచ్చింది. వేడికి ఆగుతుంది. డ్రిల్లుకు బిగించి తిప్పుతూ ఉప్పుకాగితం ఆనిస్తే అడిగిన ఆకారానికి వస్తుంది. చిక్కల్లా రుద్దినచోట తెరుచుకునే సన్నని గదులతోనే. అవి ఎపాక్సీని తాగేస్తాయి, మిగిల్చుకున్న గ్రాములు జిగురు రూపంలో తిరిగొస్తాయి. ఎపాక్సీలో బోలు గాజు రేణువుల పొడి కలిపి ముందుగా పలుచగా మెత్తితే ఆ బెడద తగ్గింది. మాస్కు లేకుండా మాత్రం ఈ పనికి దిగకండి.

ఎక్స్‌పీఎస్ అంతగా తాగదు. అయితే ఎసిటోన్ తగిలితే కరిగిపోతుంది, పాలియెస్టర్ రెజిన్‌కూ అంతే. కార్బన్ తొడుగును నొక్కిపట్టడానికి వేడికి బిగుసుకునే గొట్టం తొడిగి హీట్ గన్ పడితే, 100 డిగ్రీల దగ్గరే ఫోమ్ కుంగిపోతుంది. అందుకని ఇన్సులేషన్ టేపును జిగురు వైపు పైకి ఉండేలా లాగి చుట్టి, సూదితో అక్కడక్కడా పొడిచాను. ఎక్కువైన ఎపాక్సీ ఆ చిల్లుల్లోంచి బొట్లుగా ఉబికి వచ్చింది. మర్నాడు టేపు ఊడదీస్తే కార్బన్ నేత ఎక్కడా ముడత లేకుండా కనిపించింది.

ఈవీఏ అనే మెత్తని ఫోమ్ మాత్రం రబ్బరులా నొక్కుకుపోతుంది. దాని మీద పలుచని గట్టి తొడుగు వేస్తే పగుళ్లు తప్పవు. చేతికి నేరుగా తగిలేలా వాడుకోవడమే మేలు.

అసలు సంగతి కర్ర బిగించాక తెలిసింది. వెనక బరువు తగ్గేసరికి కర్ర ముందు కొస కిందికి వాలుతోంది! ఇప్పుడు ముందు పిడికి ఎక్స్‌పీఎస్ ఉంచి, వెనక పిడికి ఈవీఏ వేశాను. చివరి మూతలో ఒక ఇనుప వాషర్ కూడా పెట్టాను. కర్ర వెనక కొసన ఉంటుంది కాబట్టి కొద్ది గ్రాములే సరిపోయాయి.