పిడుదుల గురించీ ఒక బోర్డు పెట్టండి

కడప జిల్లా లంకమల అడవిలోని నిత్యపూజకోనకు వెళ్లొచ్చాక మా అక్క కొడుకు మోకాలి వెనక పిడుదు (చర్మానికి పట్టుకుని రక్తం పీల్చే పురుగు) కనిపించింది. ఇంట్లో కిరోసిన్ పూయమన్నారు, నేను వద్దన్నాను. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి, సబ్బుతో కడిగాను.

పక్కనే కర్ణాటకలో, శివమొగ్గ అడవుల్లో 1957లో బయటపడిన కోతిజ్వరం పిడుదుల వల్లే వస్తుంది. మన వైపు వినబడే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వేరు. అది చిగ్గర్ అనే చాలా చిన్న పురుగు కుడితే వస్తుంది. కొందరికి కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లమచ్చ పడుతుంది, కొందరికి ఏమీ కనబడదు. అందుకే జ్వరమొస్తే డాక్టరుకు అడవికి వెళ్లిన సంగతి తప్పకుండా చెప్పండి. స్క్రబ్ టైఫస్ అయితే త్వరగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు మొదలుపెడితే సాధారణంగా తగ్గిపోతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది.

శివరాత్రికి పిల్లాపాపలతో జనం నడిచే లంకమల దారిలో ఈ నాలుగు మాటలూ బోర్డు మీద రాయించాలని అటవీశాఖ వారికి నా విన్నపం.