ఇడియమ్స్‌లో పోగొట్టుకున్న 12 మార్కులు

ఫ్రెండ్స్, సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష) ఫైనల్ లిస్టులో నా రోల్ నంబర్ చూసుకుని నాలుగు రోజులైంది. ఇప్పటికీ రోజుకోసారి ఆ పీడీఎఫ్ తెరిచి చూసుకుంటున్నాను. ప్యాటర్న్, సిలబస్ మీకు తెలిసినవే కాబట్టి ఒక్క విషయమే, ఇంగ్లిష్ ఇడియమ్స్ (జాతీయాలు) గురించే, వివరంగా రాస్తాను. ముఖ్యంగా నాలా తెలుగు మీడియంలో చదివినవాళ్ల కోసం.

పోయిన అటెంప్ట్‌లో టైర్ 2 (రెండో దశ పరీక్ష) దాకా వెళ్లి 7 మార్కుల తేడాతో ఆగిపోయాను. రెస్పాన్స్ షీట్ (మనం పెట్టిన జవాబులు చూపించే షీట్) చూస్తే ఇడియమ్స్‌లోనే మూడు తప్పులు. ప్రశ్నకు 3 మార్కులు, తప్పుకు 1 కోత. మొత్తం 12 మార్కులు పోయాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు. చదవక పోయినవి కావవి. దాదాపు 800 ఇడియమ్స్‌కి తెలుగు అర్థాలు రాసుకుని బట్టీ పట్టాను.

తప్పెక్కడుందో మా ఇంట్లోనే తెలిసింది. అమ్మ పిన్నితో ఫోన్లో మాట్లాడుతూ "ఆయన చేతికి ఎముక లేదే, ఎవరడిగినా కాదనడు" అంది. ఆ మాట వినగానే ఎవరికైనా దానగుణమే గుర్తొస్తుంది గానీ చెయ్యి కాదు. దాని అర్థం మనకెవరూ నేర్పలేదు. పక్కనున్న మాటలతో కలిపి వింటూ పట్టుకున్నాం. ఇంగ్లిష్ దగ్గర మాత్రం నేను వాక్యం వదిలేసి ఇడియమ్‌ని ఒంటరిగా మింగుతున్నాను.

కొత్త నోట్‌బుక్ పెట్టాను. క్రొకడైల్ టియర్స్ అంటే మొసలి కన్నీళ్లే, ఇలాంటివాటికి టైమ్ వేస్ట్ చేయకండి. కొన్నిటికి కథ తెలిస్తే చాలు. 1801లో కోపెన్‌హాగెన్ యుద్ధంలో వెనక్కి తగ్గమని సిగ్నల్ వస్తే, బ్రిటిష్ నౌకాదళ అధికారి నెల్సన్ చూపులేని కంటికి టెలిస్కోప్ పెట్టుకుని నాకేం కనబడలేదన్నాడని చెబుతారు. ఇది విన్నాక టర్న్ ఎ బ్లైండ్ ఐ (చూసీ చూడనట్టు ఉండటం) మర్చిపోవడం కష్టం.

అసలు ప్రమాదం తెలుగులా కనిపించేవాటితోనే. పుల్ సమ్‌వన్స్ లెగ్ అనగానే ఎదిగేవాణ్ని కాళ్లు పట్టి కిందికి లాగడం అనుకుంటాం. ఆటపట్టించడం దాని అర్థం. గెట్ కోల్డ్ ఫీట్ కూడా అంతే. భయంతో కాళ్లూ చేతులూ చల్లబడటం దగ్గరే ఆగితే తప్పు పెడతాం. తీరా చేసే సమయానికి ధైర్యం చాలక వెనకడుగు వేయడం అది. ఇలాంటివి ఎర్ర పెన్నుతో రాసుకుని, ఒక్కోదానికి మా ఇంటి సంగతులతోనే సొంత వాక్యం రాశాను. రోజుకు పదే.

మ్యాథ్స్, రీజనింగ్‌కి పాత పేపర్లే చేశాను. జీఎస్ (జనరల్ స్టడీస్) గురించి చెప్పేంత నాకు లేదు.

పేపర్ ఈజీగా వచ్చింది కాబట్టి కొట్టావని కొందరన్నారు. సంక్రాంతికి ఊరెళ్లలేదు. జ్వరంలో కూడా ఆ పది వాక్యాలు ఆపలేదు. పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసి దాచుకుంటే చదివినట్టు కాదు, కూర్చుని రాయాలి.

ఈసారి రెస్పాన్స్ షీట్‌లో ఇడియమ్స్ అన్నీ కరెక్ట్. ముందు అమ్మకే చూపించి, ఆ రోజు ఫోన్లో తనన్న మాట గుర్తు చేశాను.