బాబాయ్ పెట్టుకున్న పెద్ద అక్షరాలు

పొద్దున ఎనిమిదిన్నరకే ఫోన్ మోగింది. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమాస్తా బాబాయ్. "ఏమ్మా, తెరిస్తే అక్షరాలన్నీ చీమల్లా కనబడుతున్నాయి, ఏందమ్మా ఇది? రైతులు మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దించుకుని నిలబడ్డారు" అన్నారు. గొంతులో కోపం లేదు, కంగారే. నాకు టీ కూడా దిగలేదు.

బ్రాడీపేట నుంచి బండి మీద బయలుదేరి చుట్టుగుంట దాటేసరికే ఘాటు ముక్కుకి తగిలింది. సీజన్‌లో యార్డు గేటు దగ్గర తుమ్మకుండా లోపలికి వెళ్ళినవాళ్ళని నేనైతే చూడలేదు. కొట్టులో బాబాయ్ కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, మానిటర్‌కి జానెడు దూరంలో మొహం పెట్టి బిల్లు కొడుతున్నారు. ఆయనకి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా చేయించుకోవాలి. ఆ దృశ్యం చూసి నిజంగా బాధేసింది.

ఆ కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ సీ భాషలో రాసిచ్చింది నేనే, ఉబుంటు లైనక్స్ పెట్టిన పాత సిస్టమ్ మీద నడుస్తుంది. హోమ్ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫిగ్ కింద ఉన్న సెట్టింగుల ఫైలు చూస్తే సున్నా బైట్లు. రాత్రి కొట్టు కట్టేసే వేళ ప్రోగ్రామ్ మూస్తుండగా కరెంటు పోయిందట, యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి వారమైందట. కారణం అక్కడే అర్థమైపోయింది. సెట్టింగులు దాచేటప్పుడు నేను ఫైలు తెరిచే ఎఫ్‌ఓపెన్‌ని "డబ్ల్యూ" (రాసే) మోడ్‌లో పిలుస్తున్నాను, అలా తెరిచిన క్షణంలోనే పాత ఫైలు ఖాళీ అయిపోతుంది, కొత్త వివరాలు డిస్కు మీదకి చేరేలోపు కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. పైగా ఖాళీ ఫైలు కనబడితే నా ప్రోగ్రామ్ ఒక్క మాట కూడా చెప్పకుండా డిఫాల్టులు పెట్టేసుకుంది, అక్షరం సైజు 11తో సహా.

బాబాయ్ చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. "అక్షరం 22. కాపీలు 2. ఎంటర్ కొడితే పక్క గడి. రకం తేజ." పెన్సిల్‌తో రాసుకున్నారు. 18 పెట్టి చూసి, 20 పెట్టి చూసి, ఒక సాయంత్రమంతా కూర్చుని తనకి కుదిరేలా సర్దుకున్నవి అవి. నా ప్రోగ్రామ్ నిలబెట్టలేనిది ఆయన జేబు పుస్తకం నిలబెట్టింది. అన్నీ మళ్ళీ పెట్టి, జరిగింది చెప్పాను. ఆయన వెంటనే, "మేమైతే కొత్త పుస్తకంలోకి నిలవలు ఎత్తి రాసి, సరిచూసుకున్నాకే గదమ్మా పాత పుస్తకం కట్ట కట్టేది" అన్నారు.

ఇంటికొచ్చి మధ్యాహ్నమంతా అదే పని. ఇప్పుడు అదే ఫోల్డర్‌లో ఒక తాత్కాలిక ఫైలు తెరిచి, అన్నీ దాంట్లో రాసి, ప్రోగ్రామ్ దగ్గర మిగిలింది సిస్టమ్‌కి పంపే ఎఫ్‌ఫ్లష్, ఆ తర్వాత దాన్ని డిస్కు మీదకి చేర్చే ఎఫ్‌సింక్, ఫైలు మూసే ఎఫ్‌క్లోజ్, ప్రతిదాని ఫలితమూ చూసుకుని, అన్నీ బాగుంటేనే రీనేమ్‌తో అసలు పేరు పెడుతున్నాను. ఫోల్డర్ అదే ఎందుకంటే వేరే ఫైల్‌సిస్టమ్‌లోకి రీనేమ్ కుదరదు. లైనక్స్‌లో ఈ మార్పిడి ఒక్క దెబ్బలో జరుగుతుంది, తెరిచినవాళ్ళకి నిండుగా పాతదో, నిండుగా కొత్తదో దొరుకుతుంది, సగం సగం దొరకదు. కొత్తపేటలో ఇంకో కొట్టుకి విండోస్ ఉంది, అక్కడ ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే సీ రీనేమ్ ఒప్పుకోదు, విండోస్ సొంత ఫంక్షన్ మూవ్‌ఫైల్‌ఈఎక్స్‌ని పాతదాని మీద రాయమని చెప్పి పిలవాలి.

చేయి పెట్టాను కదా అని చదివే భాగమూ తిరగేశాను. మొదట్లో సెట్టింగులన్నీ ఉన్న స్ట్రక్చర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఫైల్లోకి ఎఫ్‌రైట్‌తో దించేసేదాన్ని, మధ్యలో ఒక్క ఫీల్డు చేర్చేసరికి దాని తర్వాతవన్నీ ఒకదాని విలువ ఒకదానికి వెళ్ళిపోయాయి, అప్పటి నుంచి పేరు, ఈక్వల్ గుర్తు, విలువ అని మామూలు టెక్స్ట్‌గానే రాస్తున్నాను. కానీ అంకెలు చదవడానికి ఏటూఐ అనే ఫంక్షన్ అలాగే ఉండిపోయింది. అక్కడ చెత్త ఉన్నా అది సున్నా అనే ఇస్తుంది, నిజమైన సున్నాకీ దానికీ తేడా తెలియదు. దాని బదులు, చదవడం ఎక్కడ ఆగిందో కూడా చెప్పే స్ట్ర్‌టోల్ పెట్టి, అంకె ఎక్కడ ఆగిందో చూసి, అక్షరం సైజు 8 నుంచి 48 లోపు లేకపోతే ఒప్పుకోకుండా చేశాను. నాకు తెలియని పేరున్న లైను కనబడితే చెరపకుండా అలాగే తిరిగి రాస్తున్నాను, రేపు కొత్త వెర్షన్ నుంచి పాతదానికి వెనక్కి రావాల్సి వస్తే వాళ్ళు పెట్టుకున్నది పోకూడదు. ఫైలు పాడైతే ఆ సంగతి తెర మీద తెలుగులో చెబుతుంది.

కిల్ కమాండ్‌తో ప్రోగ్రామ్‌ని చంపి చూస్తే కరెంటు పోవడం తేలదు, ప్రోగ్రామ్ చచ్చినా సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది. అందుకని ఇంట్లో పాత సిస్టమ్ మీద రాస్తూనే ఉండే లూపు పెట్టి, గోడ దగ్గర నిలబడి పదిహేను సార్లు ప్లగ్ పీకాను. పదిహేను సార్లూ ఫైలు నిండుగానే ఉంది. అమ్మ వంటింట్లోంచి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది.

సాయంత్రం కొట్టు కట్టేలోపే వెళ్ళి ఎక్కించాను. బాబాయ్ తనే మౌస్ పట్టుకుని 24 చేశారు, "రెండో కన్ను ఆపరేషన్ అయ్యేదాకా ఇట్లా ఉండనీయమ్మా" అన్నారు. ప్రోగ్రామ్ మూసి, మళ్ళీ తెరిచి, 24 అలాగే ఉందని చూసుకుని, జేబులోంచి పుస్తకం తీసి 22 కొట్టేసి పక్కన 24 అని రాసుకున్నారు.